కిటికీ గడియలు: ఆరేళ్ళు వాడాక

2018 మే నెలలో ఒక రాత్రి, మా పడగ్గది కిటికీ పక్కన ఛార్జింగ్ పెట్టిన ఫోను పోయింది. ఊచలున్న కిటికీ. వీధి తలుపు, పెరటి తలుపు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పొద్దున చూస్తే ఛార్జర్ వైరు ఊచల సందులోంచి బయటికి వేలాడుతోంది. ప్రహరీ వారన పొడుగాటి వెదురుకర్ర, దాని కొసకి కొక్కెంలా వంచి కట్టిన ఇనప తీగ. పనైపోయిందిగా అని అక్కడే పడేసి పోయాడు.

ఆ దొంగకి గడియతో పనే పడలేదు. రెక్కలు రెండూ బార్లా తీసే ఉన్నాయి. గుంటూరులో మే నెల రాత్రి కరెంటు పోతే కిటికీలు మూసుకుని పడుకోగల మనిషిని నేనింతవరకూ చూడలేదు. మా వారు మర్నాడే బజారుకెళ్ళి బాగా బరువున్న గడియలు చూసి కొనుక్కొచ్చారు. బిగించడం అయ్యాక మా అత్తయ్య వాటిని ఒకసారి అటూ ఇటూ జరిపి, “బాగానే ఉన్నాయి గానీ అమ్మాయ్, ఇవి వేసుకుంటే గాలెట్లా వస్తుందే?” అన్నారు. ఎనభై ఏళ్ళావిడ అడిగిన ఆ మాట షాపులో ఎవరూ అడగరు. మేమూ అడగలేదు.

మాది బ్రాడీపేటలో పాత ఇల్లు. కింద మామగారు 1984లో పెట్టించిన టేకు కిటికీలు. పైన మేము 2009లో వేసుకున్న వాటాలో అల్యూమినియం స్లైడింగ్. 2019లో రెండు గదులకు అవి తీయించి యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేము కిటికీలు పెట్టించాం. అంటే మూడు రకాలూ ఒకే ఇంట్లో, ఒకే ఎండకీ వానకీ ఆరేళ్ళు దాటి వాడాం. నేను చెప్పేదంతా ఈ వాడకంలో తెలిసిందే.

ముందు టేకు కిటికీల సంగతి. వీటికి కావలసింది మంచి టవర్ బోల్టే, అంటే జరిపితే బెజ్జంలోకి దిగే మామూలు కడ్డీ గడియ. కొత్త సోకులేవీ అక్కర్లేదు. కానీ గడియ ఎంత మంచిదైనా అది దిగే బెజ్జం బాగుండాలి. కింద నడవా వైపు కిటికీకి అడుగు గడియ రోజూ వేసేవాళ్ళం. ఒకరోజు గాలివానకి రెక్క ధడేలున తెరుచుకుంది. గడియ వేసే ఉంది కదా అని వంగి చూస్తే, బెజ్జం నిండా గట్టి మట్టి. కుమ్మరి కందిరీగ గూడు కట్టింది. గడియ పావంగుళం మాత్రం దిగి, దిగినట్టు కనిపిస్తోంది. జడపిన్నుతో తవ్వితే చెంచాడు మట్టి వచ్చింది. ఆ తరువాత ఇల్లంతా చూస్తే ఇంకా మూడు కిటికీలది అదే పరిస్థితి. ఎన్నాళ్ళ నుంచి అలా ఉన్నాయో దేవుడికెరుక.

చెక్కకి ఇంకో తిప్పలుంది. వానాకాలం రెక్క ఉబ్బుతుంది, గడియ బెజ్జం ఎదురుగా రాదు. మేస్త్రి వచ్చి బెజ్జం పెద్దది చేసి పోతాడు. వేసవికి చెక్క ఎండి బిగువు తగ్గుతుంది, అప్పుడు అదే గడియ ఆ పెద్ద బెజ్జంలో గలగలలాడుతుంది. బయటి నుంచి సన్నటి రేకు దూర్చి పైకి ఎత్తితే వచ్చేస్తుంది. మా పాత మేస్త్రి గారు చెప్పిన ఉపాయం నాకు నచ్చింది: బెజ్జం తొలవకుండా, దానిమీద పొడుగాటి గాడి ఉన్న ఇత్తడి పట్టీ వేసి బిగించడం. చెక్క ఉబ్బినా ఎండినా గడియ ఆ గాడిలోనే దిగుతుంది. రెక్క అంచు చిత్రిక పట్టించాలంటే వానల్లో కాదు, సంక్రాంతి వెళ్ళాకే. నాలుగు అంగుళాల గడియల చోట ఎనిమిది అంగుళాలవి వేశాం, స్క్రూలు కూడా పొడుగువి. పాత స్క్రూలు తీసి చూస్తే అర అంగుళం లేవు. ఇన్నాళ్ళూ గడియంతా ఆ స్క్రూల మీదా ఆధారపడింది!

గడియలు కొనడానికి పట్నం బజారు వెళ్ళినప్పుడు షాపతను అయస్కాంతం తీసి గడియకి ఆనించి చూపించాడు. “చూడండమ్మా, అంటుకోదు. అసలైన స్టీలు.” అప్పుడు నమ్మాను. ఏడాదికల్లా వంటింటి కిటికీ గడియ మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. తరువాత తెలిసింది, 304 రకం స్టీలూ అయస్కాంతానికి అంటుకోదు, చవకరకం 202 కూడా అంటుకోదు. 202లో నికెల్ తక్కువ, తేమ తగిలితే తుప్పు ముందు పడుతుంది. కంటికి రెండూ ఒకటే. కాబట్టి అయస్కాంతం పరీక్షకి మురిసిపోకుండా బిల్లు మీద 304 అని రాయించుకోవాలి. రాయనంటే వేరే షాపు. టవర్ బోల్టులకి ఐఎస్ 204 అని మన ప్రమాణం ఉంది. ఐఎస్ఐ ముద్ర ఉందా అని అడిగితే కొన్ని షాపుల్లో కాస్త విచిత్రంగా చూస్తారు గానీ, అడిగితే పోయేదేం లేదు. చెక్క కిటికీకి ఇత్తడి ఇంకా మంచిది. మామగారు పెట్టించిన ఇత్తడి గడియలు నల్లబడ్డాయే తప్ప నలభై ఏళ్ళకీ అరగలేదు.

ఇక పైవాటా. బాల్కనీ వైపు అల్యూమినియం స్లైడింగ్ కిటికీకి మేము గ్రిల్ పెట్టించలేదు. లాక్ ఉందిగా అన్నది మా ధీమా. నొక్కితే పడే టచ్ లాక్. ఒకసారి చక్రాలు బిగుసుకుపోయాయని అల్యూమినియం పని చేసే కుర్రాణ్ణి పిలిచాం. అతను బాల్కనీలో నిలబడి, నేను లోపలి నుంచి లాక్ తీసేలోపే, “అక్కర్లేదు మేడమ్” అని రెండు చేతులతో రెక్కని పైకి ఎత్తి, అడుగు భాగం తనవైపు లాగి, అద్దంతో సహా ఊడదీసి గోడకి ఆనించాడు. లాక్ వేసే ఉంది! నా గుండె జారిపోయింది. అతనికది రోజూ చేసే పని. “అన్ని స్లైడింగ్‌లూ ఇంతేనండీ, పైన ట్రాక్‌లో ఖాళీ ఉంటేనే కదా రెక్క ఎక్కించేది” అన్నాడు.

దీనికి మందు చాలా చవక. రెక్క మూసుకున్నాక దాని పైన ట్రాక్‌లో మిగిలే ఖాళీని చిన్న ప్లాస్టిక్ దిమ్మతోనో, రెండు స్క్రూలతోనో పూడ్చేయడమే. యాంటీ లిఫ్ట్ బ్లాక్ అంటారు. కిటికీకి వంద రూపాయలు కూడా కాలేదు. స్లైడింగ్ కిటికీ కొనేవాళ్ళు లాక్ మోడల్ చూడకముందు రెక్కని మూసి, పైకి ఎత్తి చూడాలి. ఎత్తితే కదిలిందంటే ఆ లాక్ ఎంత ఖరీదైనా దండగే. ఇంకొకటి, పలచటి అల్యూమినియం గొట్టంలోకి బిగించిన స్క్రూ రెండేళ్ళకి మర పోయి తిరుగుతూ ఉంటుంది. ఈసారి రివెట్ నట్టు (గొట్టం రేకుకే పట్టుకుని ఉండే, లోపల మర ఉన్న నట్టు) వేయించి దానిలోకి బోల్టు బిగించమనండి. మాకు అలా వేసినవి ఇప్పటికీ కదల్లేదు.

టచ్ లాక్ మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే. అత్తయ్యకి కీళ్ళనొప్పులు. ఆ చిన్న మీట బొటనవేలితో నొక్కి పట్టుకుని, అదే సమయంలో రెక్కని జరపాలి. ఆవిడ వల్ల కాదు. అందుకని ఆవిడ గదిలో కిటికీ అసలు లాక్ వేసేవారే కాదు, మాకు చెప్పేవారూ కాదు. ఒకరోజు ఊడుస్తుంటే ట్రాక్‌లో పాత దోమతెర కర్ర ముక్క కనిపించింది. రెక్క వెనక సరిగ్గా కొలతకి కోయించి పెట్టుకున్నారు. కర్ర అడ్డం ఉంటే రెక్క జరగదు. నేను నవ్వాను గానీ, మర్నాడు ఎంత గుంజినా అంగుళం కదల్లేదు.

యూపీవీసీ కిటికీలకి మల్టీపాయింట్ హ్యాండిల్ తీసుకున్నాం. హ్యాండిల్ తిప్పితే రెక్క అంచులోని కడ్డీ కదిలి రెండు మూడు చోట్ల ఒకేసారి పడుతుంది. ఒక్కచోట పట్టుకునే లాక్‌కీ దీనికీ పోలికే లేదు. గాలివానలో కిటికీ కొట్టుకోదు, దుమ్ము కూడా తగ్గింది. పెద్దవాళ్ళకి తిప్పడం సులువు. డబ్బులు ఎక్కువే, మాకు హ్యాండిల్, కడ్డీ కలిపి కిటికీకి తొమ్మిది వందలు పడింది. నన్నడిగితే అందమైన గాజు మీద పెట్టే డబ్బులో కొంత ఇటు పెట్టండి.

కానీ ఇక్కడా ఒక కిటుకుంది. ప్లాస్టిక్ ఫ్రేము లోపల గాల్వనైజ్డ్ ఇనుము గొట్టం ఉండాలి, లాక్ స్క్రూలు దానిలోకి దిగాలి. కొందరు పొడుగు ఎక్కువున్న పెద్ద కిటికీలకే ఇనుము వేసి, చిన్నవాటికి ఎగ్గొడతారు. బయటికి తెలియదు. పట్నం బజారులో నన్ను మోసం చేసిన అయస్కాంతం ఇక్కడ పనికొచ్చింది. హ్యాండిల్ పక్కన ఫ్రేముకి ఆనిస్తే, లోపల ఇనుముంటే ప్లాస్టిక్ మీదనుంచే లాగుతుంది. మా ఆరు కిటికీల్లో రెండింటికి జారి కింద పడిపోయింది. పెట్టినవాళ్ళకి ఫోన్ చేస్తే ముందు “ఆ సైజుకి అవసరం లేదండీ” అన్నారు. మేము కూడా మిగిలిన బాకీ ఇప్పుడు అవసరం లేదనుకుంటున్నాం అన్నాక వచ్చి మార్చారు.

హ్యాండిళ్ళలో ఒకటి మూడో వేసవికి విరిగింది, పడమటి వైపుది. విరిగిన చోట లోపల బూడిదరంగులో ఉప్పుగల్లులా గరుకుగా ఉంది. కొన్నప్పుడు చేతిలో పెట్టి “బరువు చూడండి” అన్నారు, మేమూ చూశాం. అది జింక్ పోత. అల్యూమినియం కంటే బరువుంటుంది, అంతమాత్రాన గట్టిదని కాదు. జింక్‌లో మంచి పోతా ఉంటుంది, లోపల బుడగలున్న పోతా ఉంటుంది, తూకంలో తేడా తెలియదు. మార్చేటప్పుడు పాత హ్యాండిల్ షాపుకి పట్టుకెళ్ళండి. లోపలికి దూరే చదరపు కడ్డీ పొడవు, రెండు స్క్రూల మధ్య దూరం కలవకపోతే మళ్ళీ తిరగాలి. నేను మూడుసార్లు తిరిగాను.

తాళంచెవి ఉన్న హ్యాండిల్ గురించి జాగ్రత్త. పైవాటాలో రెండింటికి అవి పెట్టాం. ఒక సంక్రాంతికి ఊరెళుతూ మా అబ్బాయి అన్నీ తాళాలు వేసి చెవులు తన బ్యాగులో వేసుకున్నాడు, అలాగే హైదరాబాదు వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తరువాత ఆ గదిలో ఇన్వర్టర్ వైరు కాలి పొగ కమ్ముకుంది. మెయిన్ ఆపి కిటికీ తీద్దామంటే తాళం. తలుపొక్కటే దిక్కు. ఏమీ కాలేదు గానీ ఆ పది నిమిషాల టెన్షన్ ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు చెవి ఆ గోడకే మేకుకి వేలాడుతుంది, బయటి నుంచి చెయ్యి పెట్టినా కర్ర పెట్టినా అందనంత దూరంలో. ఆ గది గ్రిల్‌లో ఒక భాగాన్ని లోపలి నుంచి తెరుచుకునేలా మార్పించాం కూడా. గ్రిల్ దొంగని ఎలా ఆపుతుందో మంటల్లో మనల్నీ అలాగే ఆపుతుంది.

మళ్ళీ అత్తయ్య ప్రశ్న దగ్గరికి వస్తాను. మన ఊళ్ళో కిటికీ రాత్రి పూట ఉండేది అద్దం తీసి, దోమల మెష్ వేసి. అంటే మన కిటికీకి అసలు రెక్క మెష్ రెక్కే. దానికి లాక్ ఉండదు! మూడు ట్రాకుల కిటికీ కొంటే అద్దాల రెక్కలకి ఖరీదైన లాకులు వేసి, మెష్‌కి వేలు పెట్టి లాగే గుంట ఒక్కటి ఇస్తారు. మేము అడిగి మెష్ రెక్కకీ లాక్ పెట్టించాం, ఫైబర్ మెష్ తీయించి స్టీలు మెష్ వేయించాం. ఫైబర్‌ది బ్లేడుతో గీస్తే పోతుంది, మా పిల్లి గోళ్ళకే పోయింది. బాల్కనీ కిటికీకి ట్రాక్‌లో స్క్రూతో బిగించే స్టాపర్ పెట్టాం. నాలుగు అంగుళాలు తెరుచుకుని ఆగిపోతుంది. గాలొస్తుంది, మనిషి దూరడు, సెలవులకొచ్చే మనవరాలు అందులోంచి వంగదు. ఫోన్ల బల్ల గదిలో అటు గోడకి జరిపాం. దానికి పైసా ఖర్చు లేదు.

నూనె సంగతి ఒక్కమాట. లాకులు బిగుసుకుంటే మా వారు కొబ్బరినూనె పోసేవారు. దుమ్ముతో కలిసి అది జిగురు ముద్దయింది. మిర్చి యార్డు వైపుండే మా ఆడపడుచు వాళ్ళింట్లో అయితే సీజన్‌లో ట్రాక్ తుడవడమంటే తుమ్ముల పండగ. ముందు పొడి బ్రష్‌తో దులిపి, తరువాత సిలికాన్ స్ప్రే కొట్టాలి. ఏడాదికి రెండుసార్లు చాలు.

పోయిన సంక్రాంతికి ఊరెళుతూ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో, అంటే తాళం వేసిన ఇళ్ళకి కెమెరా పెట్టి కనిపెట్టుకునే ఏర్పాటులో, పేరు ఇచ్చాం. కెమెరా పెట్టడానికి వచ్చిన కానిస్టేబుల్ గారు మా మల్టీపాయింట్‌లూ, ఎనిమిది అంగుళాల గడియలూ ఏవీ చూడలేదు. నేరుగా పెరటి వైపు వెళ్ళి స్నానాలగది వెంటిలేటర్ దగ్గర ఆగారు. పాతకాలపు గాజు పలకల వెంటిలేటర్. ఒక పలక పట్టుకుని పక్కకి జరిపారు, చేతిలోకి వచ్చేసింది. “ఇది చూసుకోండమ్మా” అని నా చేతికిచ్చారు. దానికి ఊచలు వేయించాలని మేస్త్రి గారికి చెప్పాను. గురువారం వస్తానన్నారు, ఇంకా రాలేదు. ఈలోపు అత్తయ్య మిగిలిన దోమతెర కర్రలు బయటికి తీసి పెట్టారు.