‘ఫుల్ ట్యాంగ్, డి2, డమాస్కస్’ అని రాసి ఉన్న చిన్న కత్తులతో జాగ్రత్త

బెల్టుకో బ్యాగుకో తగిలించుకునే చిన్న కత్తి, మడత లేనిది, మూడంగుళాల బ్లేడుది ఆన్‌లైన్‌లో కొనబోతున్నారా? పేజీలో ‘ఫుల్ ట్యాంగ్, డి2 స్టీలు, 60 హెచ్‌ఆర్‌సీ, చేత్తో చేసిన డమాస్కస్’ అని నాలుగు ముక్కలూ వరసగా కనబడితే ఆర్డర్ నొక్కకుండా ఆగండి. హెచ్‌ఆర్‌సీ అంటే ఉక్కు గట్టిదనం కొలమానం. డి2 అంటే ఒకే మిశ్రమం. డమాస్కస్ అంటే రెండు రకాల స్టీళ్లను పొరలు పొరలుగా అతికి సాగగొట్టినది. మధ్యలో ఒక స్టీలు పెట్టి పైన డమాస్కస్ తొడిగే పద్ధతి లేకపోలేదు గానీ, అంత పని చేసినవాడు ఆ సంగతి విడిగా రాసుకుంటాడు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఏడెనిమిది వందలకు మాత్రం రాదు.

పార్శిల్ రాగానే మొదట పిడి చూడండి. ట్యాంగ్ అంటే పిడిలోకి వెళ్లే బ్లేడు లోహం. ఫుల్ ట్యాంగ్ అయితే అది పిడి చివరిదాకా వస్తుంది, పిడి చుట్టూ రెండు చెక్కల మధ్య గీతలా కనబడుతుంది. ఆ గీత లేదంటే ట్యాంగ్ లోపల దాగి ఉన్నట్టు. దాగి ఉండటమే తప్పని కాదు. స్వీడన్ మోరా కత్తుల్లో చాలావాటికి ట్యాంగ్ పిడిలో దాగే ఉంటుంది, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. చౌక సరుకులో తంటా ఏమిటంటే, లోపల పెన్సిలు కన్నా సన్నటి ఊచ, దాన్ని బ్లేడుకు వెల్డింగ్ చేసిన చోట పగులు, చుట్టూ జిగురు. అట్టపెట్టె కోసినన్నాళ్లూ ఏమీ కాదు. గట్టి తాడు మీద పక్కకు ఒత్తిడి పడ్డ రోజు బ్లేడు, పిడి కలిసే చోట పుటుక్కుమంటుంది, చెయ్యి ముందుకు జారుతుంది. ఆ కలిసే చోట మూల గుండ్రంగా తిరిగి ఉండాలి. రంపంతో కోసినట్టు తొంభై డిగ్రీల మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది.

విప్పకుండానే లోపలి సంగతి చెప్పేది వంటింటి త్రాసు. 20 సెం.మీ. పొడవు (బ్లేడు, పిడి కలిపి), 2.5 సెం.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఉక్కు పట్టీ దాదాపు 118 గ్రాములు తూగుతుంది (15 ఘన సెంటీమీటర్లు, ఒక్కోటి 7.85 గ్రాములు). మొన, అంచు చెక్కడంలో మూడో వంతు పోయిందనుకున్నా 80 గ్రాములు మిగలాలి, పిడి చెక్కలు దానికి అదనం. ఒర తీసేసి తూస్తే 55 గ్రాములు చూపిస్తోందంటే పిడిలో ఉక్కు లేనట్టే. బరువు తగ్గించడానికి ట్యాంగ్‌కు పెద్ద కన్నాలు పెట్టే కంపెనీలున్నాయి, వాళ్లు ఆ ఫొటో పెట్టి మరీ చెప్తారు.

ఇక స్టీలు. డి2లో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం. చౌక కత్తుల్లో ఎక్కువగా ఉండేది 3సీఆర్13 లేదా 420 రకం స్టెయిన్‌లెస్, కార్బన్ 0.3 శాతం చుట్టుపక్కల. ఎంత కాల్చి చల్లార్చినా దాని గట్టిదనం యాభైల మొదట్లోనే ఆగిపోతుంది, 60 రాదు. అయస్కాంతం అంటించి ‘అసలు ఉక్కే’ అని చూపించే వీడియోలు నమ్మకండి, రెండూ అంటుకుంటాయి. నిజం డి2ని కూడా సుమారు 1010 డిగ్రీల దగ్గర కొలత ప్రకారం వేడిచేసి, తర్వాత రెండుసార్లు టెంపర్ చెయ్యాలి, అంటే తక్కువ వేడిలో మళ్లీ కాచి పెళుసుదనం తగ్గించాలి. కంటి అంచనాతో కొలిమిలో అయ్యే పని కాదు. ఆ మాటకొస్తే లారీ కమాన్ పట్టీతో మంచి కమ్మరి చేసిన కత్తి ఈ ఉత్తుత్తి డి2 కన్నా ఎన్నో రెట్లు మేలు. తుప్పు పడుతుందంతే, నూనె రాసుకోవాలి.

అంచు వెంబడి నీలం రంగు చారలున్నాయేమో వెలుతురులో చూడండి. గ్రైండర్ మీద కాల్చేశారని గుర్తు. మామూలు కార్బన్ ఉక్కులో దాదాపు 300 డిగ్రీల దగ్గర ఆ రంగొస్తుంది, అక్కడ గట్టిదనం తగ్గి ఉండొచ్చు. ఇంకో పరీక్ష: ఇత్తడి ఊచ మీద అంచును 20 డిగ్రీల వాలులో ఆనించి నెమ్మదిగా నొక్కి లాగండి. అంచు కొద్దిగా వంగి మళ్లీ నిటారుగా వస్తే మంచిది. వంగి ఉండిపోతే మెత్తన. పెళుసుగా ఊడితే అతిగా గట్టిపడి టెంపర్ కానిది. అంచు పైన ఒక మిల్లీమీటరు ఎత్తులో వెర్నియర్ (మి.మీ.లో భాగాలు కూడా చూపే కొలత పరికరం) పెట్టి మందం కొలవండి. 0.3 నుంచి 0.5 మి.మీ. ఉంటే మామిడికాయ చక్కగా తెగుతుంది. 1 మి.మీ. ఉంటే ఎంత పదును పెట్టినా గొడ్డలి చీల్చినట్టే చీలుస్తుంది.

డమాస్కస్ గీతల విషయంలో మోసం మరీ ఎక్కువ. మామూలు స్టెయిన్‌లెస్ మీద ఆసిడ్‌తోనో లేజర్‌తోనో అలలు గీసి అమ్ముతారు. వెన్ను మీద చూడండి. నిజమైనదైతే పొరలు అడ్డంగా తెగి వెన్ను మీదా కనబడతాయి, ముఖం మీద మాత్రమే ఉంటే అనుమానించండి. 400 నంబరు ఉప్పుకాగితంతో చిన్న మచ్చ రుద్దితే రెండు రకాలూ చెరిగిపోతాయి. ఆ మచ్చ మీద ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే అసలుదానిలో గీతలు తిరిగొస్తాయి, బొమ్మ గీసినదానిలో రావు. పీసీబీలు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పలకలు) చెక్కేందుకు వాడే ద్రావణమే ఇది, హైదరాబాద్ కోఠీలోని ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లింది. అది మూసలో కరిగించి చేసిన వేరే ఉక్కు. దాని పేరు చెప్పి ఈ అతుకుల కత్తిని అమ్మితే అది ఇంకో అబద్ధం.

ఒర బాగోకపోయినా వేళ్లు తెగుతాయి. కత్తిని ఒరలో పెట్టి, మెత్తటి పరుపు మీద తలకిందులుగా పట్టుకుని పది సార్లు గట్టిగా ఊపండి. జారితే ఆ ఒరను నడుముకు పెట్టుకోవద్దు. తోలు ఒరలో కుట్టుకూ అంచుకూ మధ్య అదనపు తోలు పట్టీ ఉండాలి. లేకపోతే కత్తి దారాలనే కోసుకుంటూ పోయి ఓ రోజు పక్కనుంచి బయటికొస్తుంది. విశాఖ, కాకినాడ గాలిలో కార్బన్ స్టీలును తోలు ఒరలో వదిలేస్తే చెమ్మ పట్టి మచ్చలొస్తాయి, ఇంట్లో ఉన్నప్పుడు విడిగా పెట్టండి.

అమ్మేవాళ్లు చెప్పనిది మరొకటి. ఆయుధ నియమాల్లో బ్లేడు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటి, ఇంటి పనికీ పొలం పనికీ కానివి ఆయుధాల కింద వస్తాయి. బాకులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే రెండు వైపులా పదునున్నది కొనకండి. మూడంగుళాల ఒంటి అంచు కత్తి ఆ కొలతల్లోకి రాకపోయినా విమానం క్యాబిన్‌లోకి ఒప్పుకోరు, ఎన్నికలప్పుడు నిషేధాజ్ఞలు ఉన్నచోట పోలీసులు ఆపితే కొలతల వాదన నిలవదు.

పరీక్షల వరస మరిచిపోకండి. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసి, తూకం, పిడి గీత, వెన్ను, రంగు చారలు, ఒర ఊపడం, ఈ అయిదూ మొదటి రోజే చెయ్యండి. వీటివల్ల కత్తికి గీత పడదు. తేడా కనబడితే ‘వివరణలో ఉన్న వస్తువు కాదు’ అన్న కారణమే ఎంచుకుని వాపసు పెట్టండి. ‘నచ్చలేదు’ అని పెడితే కొన్నిచోట్ల తిరుగు ఖర్చు మీ నెత్తినే పడుతుంది. ఉప్పుకాగితం, ఫెర్రిక్ క్లోరైడ్, ఇత్తడి ఊచ ఆ తర్వాతే. గీత పడిన కత్తిని ‘వాడేశారు’ అని తిప్పి పంపడానికి వాళ్లకు అంతకన్నా సాకు అక్కర్లేదు.