పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్: గజ్జికి భేషుగ్గా పనిచేస్తుంది, పూయడం తెలిస్తే

మందుల షాపుకెళ్లి దురద అంటే చాలు, చేతిలో పెట్టేది స్టెరాయిడ్ కలిపిన క్రీమ్. రెండ్రోజులు హాయిగా ఉంటుంది, లోపల గజ్జి పురుగు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. రాత్రిళ్లు దురద ముదరడం, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ సన్న పొక్కులు, ఇంట్లో ఇంకొకరూ గోక్కోవడం - ఇవన్నీ ఉంటే డాక్టరుకి చూపించి పెర్మెత్రిన్ రాయించుకోండి.

మందు మంచిదే. చెడగొట్టేది మన వాడకం. దురద ఉన్నచోటే రాస్తే లాభం లేదు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, చంకల్లో, గజ్జల్లో, పిరుదుల మధ్య కూడా పట్టించాలి. పెద్దవాళ్లకి ఒక్కసారికి 30 గ్రాముల ట్యూబు దాదాపు ఖాళీ అవుతుంది. రాత్రి ఆరిన ఒంటికి రాసి, 8 నుంచి 14 గంటలుంచి స్నానం చెయ్యాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్లీ రాయాలి; చాలామంది తప్పేది ఇక్కడే. వారం తర్వాత రెండో విడత. రెండు నెలలలోపు పసిబిడ్డలకి డాక్టరు చెప్పందే వద్దు.

ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి, దురద లేనివాళ్లు కూడా. కొత్తగా అంటుకున్నవాళ్లకి దురద మొదలవడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది మరి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి సంచిలో మూట కట్టి వారం పక్కన పెడితే చాలు, ఒంటిని వదిలిన పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు.

పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. మందు నకిలీదని తిట్టుకుని రోజూ రాస్తే చర్మం మండి, దురద ఇంకా పెరుగుతుంది. కొబ్బరినూనె రాసుకుంటూ ఆగండి. కొత్త పొక్కులు లేస్తేనే మళ్లీ డాక్టరు దగ్గరికి.

పలాసలో జీడిపిక్కలు ఒలిచేవాళ్ల చేతుల దురదకి ఈ క్రీమ్ దండగ; అది తొక్కలోని జీడిరసం కాల్చిన గాయం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఇంకో జాగ్రత్త. పొక్కు కనబడకుండా ఒళ్లంతా వారాల తరబడి దురద పెడుతుంటే ట్యూబు కొనకండి. అది లోపలి జబ్బు వల్ల కావచ్చు; ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), షుగరు, థైరాయిడ్, లివర్ పరీక్షలు చేయించుకోండి.