ఒంటి చేత్తో వాడే వికీ: చిత్తూరు పల్లెల్లో నాలుగు నెలలు

నేను గోపాలమిత్రని. చిత్తూరు చుట్టుపక్కల పది పన్నెండు పల్లెల్లో ఆవులకు ఎద సూదులు, అంటే ఎదకొచ్చినప్పుడు చూడి కట్టించే కృత్రిమ గర్భధారణ సూదులు వేస్తాను. బండి వెనక ఎద్దు వీర్యం చల్లగా ఉంచే నైట్రోజన్ క్యాను, చొక్కా జేబులో ఫోను, ఇదే నా ఆఫీసు. ఇట్లాంటోడు నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ మీద రివ్యూ రాసేదేందని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం నోట్సు తప్పిందంటే ఒక ఇంట్లో ఎద తప్పినట్టే. ఎద తప్పితే ఇంకో 21 రోజుల మేత దండగ.

మొన్నటిదాకా అట్ట బైండింగు పుస్తకమే. వానకు తడిసేది, పేడ అంటేది, అది పరవాలేదు. ఎవరి ఆవు ఎన్నిసార్లు పొర్లిందో, అంటే సూది వేసినా చూడి కట్టక మళ్ళీ ఎదకొచ్చిందో చూడాలంటే మాత్రం ఆర్నెల్ల పేజీలు తిప్పాల. ఉగాదికి తిరుపతిలో అక్కవాళ్ళింటికి పోతే మేనల్లుడు ఆ పుస్తకం చూసి, "మామా, ఇంకా దీంతోనేనా?" అన్నాడు. వాడు ముత్యాలరెడ్డిపల్లెలో ఇంట్లో కూర్చునే ఏదో కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంటాడు. "ఫోన్లో రాసేది ఎంతసేపురా, రాసింది మళ్ళీ దొరకాల గదా" అన్నాను. ఆ మాట వాడు పట్టుకున్నాడు.

వాడు చేతికిచ్చింది కొత్త వస్తువేం కాదు. టిడ్లీవికీ అని బ్రిటన్‌కు చెందిన జెరెమీ రస్టన్ 2004 సెప్టెంబరులో విడుదల చేసిన సొంత వికీ, అంటే ఒకదానికొకటి లింకులుండే నోట్సు పుస్తకం. మొత్తం ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. రాసిన నోట్సూ, దాన్ని చూపించే ప్రోగ్రామూ రెండూ అందులోనే ఉంటాయి. బ్రౌజరుంటే చాలు, సిగ్నలు అక్కర్లేదు. తర్వాత దాన్నే మొదటి నుంచీ తిరగరాసి, 2014 సెప్టెంబరులో 5.1.0 అనే వెర్షను తెచ్చారు. బీఎస్‌డీ లైసెన్సు కాబట్టి అసలు వాళ్ళ కాపీరైటు మాట అలాగే ఉంచి, ఎవరైనా మార్చుకోవచ్చు. ఒక్కో నోటును టిడ్లర్ అంటారు. ఇంగ్లీషోళ్ళ పిల్లలు వాగుల్లో పట్టే చిట్టి చేపకు ఆ పేరట. తెరిచిన నోట్సు ఒకదాని కింద ఒకటి వరసగా నిలబడే చోటుకు కథల నది అని పేరు. పేర్లు పెట్టినాయన ఎవరో గానీ ఏటి ఒడ్డున పెరిగినట్టుంది.

నా పనికి ఇది భలే కుదిరింది. ఆవుకొక నోటు, ఇంటికొక నోటు, ఎద్దు నంబరుకొక నోటు. రెండేసి చదరపు కుండలీకరణాల మధ్య పేరు రాస్తే అదే లింకు. చుక్కావు నోట్లోంచి ఎద్దు నంబరు నొక్కితే, ఆ ఎద్దు స్ట్రాలు (వీర్యం నింపిన సన్నటి గొట్టాలు) ఇంకెన్ని ఆవులకు వేశానో, ఎన్ని చూడి కట్టాయో కనబడుతుంది. పుస్తకంలో నేనెన్నడూ చూడనిది అదే.

చిక్కంతా వేళ్ళతోనే వచ్చింది. అసలు టిడ్లీవికీ పెద్ద తెర మీద బాగుంటుంది. తెర వెడల్పు 960 పిక్సెళ్ళకు తగ్గితే కుడిపక్క ఉండే పట్టీ నోట్సు పైకి ఎక్కి కూర్చుంటుంది. ఫోన్లో దాన్ని దాటుకుని కిందికి జరిపితే గానీ ఆవు కనబడదు. నోటు మూలలో దిద్దే పెన్సిలూ, మూసే ఇంటూ గుర్తూ పక్కపక్కనే. పెన్సిలు నొక్కబోతే నోటు మూసుకుంటుంది. మూసుకుంటే పోదు, మళ్ళీ తెరవచ్చు, నిజమే. ఆవు కాలు విదిలిస్తూ ఉంటే ఆ మళ్ళీ తెరవడమే కష్టం.

నా పని చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాల. ఎడమ చేతికి భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు, ఆ చెయ్యి ఆవు లోపల. కుడి చేతిలో స్ట్రా పెట్టిన గన్. పని అయ్యాక గన్ పక్కన పెట్టి, స్ట్రా మీది ఎద్దు నంబరు చూసి, అదే కుడి చేత్తో ఫోను తీస్తాను. అంటే నాకు మిగిలేది ఒక్క బొటనవేలు. అదీ తడిగా. నీళ్ళున్న వేలిని ఈ తెరలు సరిగ్గా గుర్తుపట్టవు. చిన్న గుర్తు మీద నొక్కితే పక్కది నొక్కుకుంటుంది.

అల్లుడు లోపలి యంత్రం జోలికి పోలేదు. తెర మీద కనబడే భాగమంతా తిరగరాశాడు. ఆండ్రాయిడ్ వాళ్ళు నొక్కే గుర్తు కనీసం 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలంటారట. వాడు అక్క కుట్టుమిషను పెట్టెలోంచి టేపు తెచ్చి నా వేలు కొలిచినాడు. రెండు సెంటీమీటర్ల పైనే. "మామా, నీది వేలు కాదు, చెక్క గరిటె" అని, కింది అంచున నాలుగే బటన్లు పెట్టినాడు: ఆవులు, ఈరోజు, వెతుకు, కొత్తది. పైన పట్టీ లేదు. పెన్సిలు కుడి కింద, మూసేది ఎడమ పై మూలన. మొదటివారం కళ్ళు పైకే పోయేవి. ఇప్పుడు ఫోను చూడకుండానే "కొత్తది" నొక్కుతాను. నాలుగు నెలల్లో పెన్సిలుకు బదులు ఇంటూ నొక్కింది ఒక్కసారే, అది కూడా సంగటి తింటూ.

ఇక తగువులు. వెతుకులో "ఎద" అని కొడితే ఏమీ రాలేదు. "ఆవు" అంటే బోలెడు వస్తాయి. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. అసలు అమరికలో మూడు గుర్తులు లేనిదే వెతకడం మొదలవదు. "ఆవు"లో ఆ, వ కాక కొమ్ము కూడా విడిగా లెక్కకొస్తుంది, మూడు. "ఎద" రెండే. నా వృత్తిలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట దానికి చాలలేదు! ఆ మూడును రెండు చేయడం ఒక్క నిమిషం పని.

అసలు కోపం తెప్పించింది తేదీలు. పాలకేంద్రానికి పోసే ఇళ్ళు నాలుగున్నరకే లేస్తాయి, ఆవు ఎదలో ఉన్నది వాళ్ళకు తెలిసేది అప్పుడే. పొద్దున కనబడితే సాయంత్రం సూది, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. జూన్ 12, గురువారం, ఉదయం 4:50కి ఫోనొస్తే రాసుకున్నాను. సాయంత్రం పోయి తెరిస్తే నోటు మీద 11 అని ఉంది. "నిన్న పొద్దునదా? అయితే ఆలస్యమైందే" అని తిరిగిపోబోయాను. ఆ ఇంటి అవ్వ గట్టిగా పట్టుకునింది. "నిన్న యాడిదప్పా? ఈ పొద్దున్నే గదా నీకు ఫోను చేయించింది!" ఆమె మాటే నిజం.

రాత్రి అల్లుడికి ఫోను చేసి నాలుగు తిట్టినాక తేలింది. టిడ్లీవికీ ప్రతి నోటుకూ 17 అంకెల సమయం రాస్తుంది, అదీ గ్రీన్విచ్ లెక్కలో. మన 4:50 దానికి ముందురోజు రాత్రి 11:20. కాబట్టి లోపల 20250611232000000 అని ఉంది. అసలు ప్రోగ్రాము దాన్ని మన గడియారానికి మార్చే చూపిస్తుంది. మావాడు తిరగరాసేటప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కత్తిరించి తేదీగా పెట్టేశాడు. పొద్దున అయిదున్నరకు ముందు రాసిన నోట్సన్నీ ఒకరోజు వెనక్కి పోయినాయి. వాడు తొమ్మిదింటికి లేచేవాడు, వాడి పరీక్షల్లో ఇది ఎట్లా దొరుకుతుంది? దిద్దినాడు లెండి. పాతవన్నీ కూడా వాటంతటవే సరైపోయాయి, లోపలి అంకెలు తప్పు కాదు గనక.

ఇంకోటి నా తప్పే. ఈ తిరగరాసిన దాంట్లో నోట్సు బ్రౌజరు సొంత నిల్వలో ఉంటాయి, ఫైలుగా దించుకునే బటను మెనూ లోపలెక్కడో. జులైలో ఫోను నిండిపోయిందని బ్రౌజరు డేటా మొత్తం తుడిచేశాను. పదకొండు రోజుల రాతలు గోవిందా. వాడేసిన స్ట్రాలు ఒక డబ్బాలో వేసి ఉంచుతాను కాబట్టి ఎద్దు నంబర్లు దొరికినాయి. ఏది ఏ ఆవుకో ఇంటింటికీ పోయి అడిగాను. తేదీ ఎవరూ చెప్పరు, "సంత మర్నాడు", "మా పాప పరీక్ష రాసిన పొద్దు" అంటారు. ఇప్పుడు బటన్ల పైన ఒక ఎర్ర గీత వచ్చింది, దించుకోని నోట్సు ఎన్నో దాని మీద ఉంటుంది. పది దాటితే గీత లావెక్కుతుంది. చూస్తే చిరాకే, తీసేయమని మాత్రం అడగను.

వేలితో పక్కకు జరిపితే వెనక్కి పోయే ఏర్పాటు కూడా పెట్టాడు. అది నాకు నచ్చలేదు. ఫోను అంచు నుంచి జరిపితే ఆండ్రాయిడ్ దాన్ని తన వెనక్కి గుర్తుగా తీసుకుని బ్రౌజరునే మూయబోతుంది. మధ్య నుంచి జరిపేట్టు మారిస్తే, చూడి పరీక్షల పట్టిక పక్కకు కదలడం మానేసింది. నాలుగు బటన్లుండగా ఈ సర్కస్ దేనికి? కుర్రకారు సరదా.

మార్కులు అయిదుకు మూడున్నర వేస్తాను. లెక్కల పట్టికలు, డబ్బుల బాకీలు రాసుకునేవాళ్ళకు ఇది పనికిరాదు, వాటికి ఎక్సెల్ ఉంది. ఒకదానికొకటి ముడిపడ్డ చిన్న చిన్న సంగతులు మోసేవాళ్ళు, ఒక చెయ్యి ఎప్పుడూ పనిలో ఉండేవాళ్ళు వాడి చూడొచ్చు. పైసా ఖర్చు లేదు.

పోయిన ఆదివారం కొత్త ఫైలు పంపినాడు. పక్కకు జరిపేది తీసేశాడట, ఎండలో కనబడేట్టు బటన్ల రంగు మార్చాడట. ఇంకా ఎక్కించుకోలేదు. పదహారో తేదీ మూడు చూడి పరీక్షలున్నాయి, అవి అయినాక చూస్తా.