మిడ్‌సైజ్ ఎస్‌యూవీలో ఏ ఇంజిన్ మేలు: హైబ్రిడ్డా, డీజిలా, టర్బోనా?

షోరూములో అడుగు పెట్టగానే ముందు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తారు. ఆ తర్వాత పెద్ద స్క్రీను, గాలి వదిలే సీట్లు, రంగులు మార్చే లైట్లు. ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పెట్రోలా, డీజిలా సార్?’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పదేళ్ల పాటు జేబుకు తగిలే ఖర్చంతా ఆ ముక్కలోనే ఉంది. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్, మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్, స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్, హోండా ఎలివేట్ పైకి చూస్తే అన్నదమ్ముల్లాగే ఉంటాయి. ఏదీ జీపులాగా ఛాసిస్ మీద కట్టిన బండి కాదు. కారు బాడీనే కాస్త ఎత్తుగా లేపినవి. ఒకటి రెండు వేరియంట్లు తప్ప అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. అసలు తేడా బానెట్ కింద ఉంది.

ఆ తేడా 2020 ఏప్రిల్‌లో మొదలైంది. బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాగానే డీజిల్ ఇంజిన్‌ను శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు బాగా పెరిగింది. మారుతి డీజిల్‌ను పూర్తిగా వదిలేసింది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కూడా మన దేశంలో పెట్రోలుకే పరిమితమయ్యాయి. హోండా 2023లో మానేసింది. హ్యుందాయ్, కియా మాత్రం 1.5 లీటర్ల డీజిల్‌ను నిలబెట్టుకున్నాయి. టొయోటా, మారుతి కలిసి 2022లో స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, బండిని సొంతంగా లాగగలిగే ఎలక్ట్రిక్ మోటారు ఉన్నది) తెచ్చాయి. అందుకే ఒకే సైజు బండికి ఇప్పుడు ఇన్ని దారులు. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ నెలవారీ కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతాయన్న దాన్ని బట్టే తేల్చుకోవాలి, ఫీచర్ల పట్టీని బట్టి కాదు.

హైబ్రిడ్: సిగ్నళ్ల దగ్గర గెలిచే బండి

హైరైడర్, గ్రాండ్ విటారా లోపల ఒకటే బండి. ప్లాట్‌ఫామ్ సుజుకీది, స్ట్రాంగ్ హైబ్రిడ్ వ్యవస్థ టొయోటాది. మూడు సిలిండర్ల 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ 92 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) ఇస్తుంది, మోటారు 80 పీఎస్ ఇస్తుంది. రెండూ కలిస్తే 116 పీఎస్ (రెండూ ఒకేసారి పతాక స్థాయికి చేరవు కాబట్టి నేరుగా కూడకూడదు). బ్యాటరీ చాలా చిన్నది, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. ప్లగ్గు పెట్టే పని లేదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తితోనూ, ఇంజిన్ మిగుల్చుకున్న శక్తితోనూ అదే నిండుతుంది.

అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లికి సాయంత్రం ఆరింటికి వెళ్తే ఈ బండి ఏం చేస్తుందో అర్థమవుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది, ఏసీ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. ముందు ఆటో పది అడుగులు కదిలితే మోటారే బండిని లాగుతుంది. మామూలు పెట్రోల్ బండి ఎక్కువ తాగేది సరిగ్గా అక్కడే. కంపెనీ చెప్పే 27.97 మైలేజీ ల్యాబు లెక్క. ఏసీ వేసుకుని సిటీలో తిరిగితే 22 దాకా వస్తుంది. అదే చాలా ఎక్కువ.

హైవే ఎక్కితే కథ మారుతుంది. వంద మీద నిలకడగా వెళ్తుంటే బ్రేకు పడదు, తిరిగి పట్టుకునే శక్తీ ఉండదు, ఇంజిన్ ఆపకుండా తిరుగుతూనే ఉంటుంది. నలుగురితో, లగేజీతో శ్రీశైలం ఘాట్ ఎక్కితే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అప్పుడు మిగిలేది 92 పీఎస్ ఇంజినే. అది గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం అంత వేగంగా కదలదు. దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోయాక ఆ చార్జింగు ఇచ్చే బ్రేకు సాయం తగ్గుతుంది. అందుకే దిగుడులో ‘బీ’ మోడ్ (ఇంజిన్‌తో బండి వేగాన్ని అదుపు చేసే గేరు స్థానం) వేసుకోవాలి.

మరో రెండు సంగతులు సేల్స్‌వాళ్లు సాధారణంగా చెప్పరు. బ్యాటరీ వెనక వైపు ఉండటంతో డిక్కీ నేల ఎత్తయి, చోటు 260 లీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. క్రెటాలో ఇది 433 లీటర్లు. పిల్లల్ని అమెరికా పంపడానికి శంషాబాద్ వెళ్లే ఇళ్లలో ఇదే పెద్ద తలనొప్పి: 23 కిలోల పెద్ద సూట్‌కేసులు రెండు పెట్టబోతే రెండోది వెనక సీటు మీదకు వస్తుంది. బుక్ చేసే ముందు ఇంట్లో ఉన్న సూట్‌కేసులే తీసుకెళ్లి పెట్టి చూడండి. రెండో సంగతి, బ్యాటరీని చల్లబరిచే గాలి లోపలికి వెళ్లే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. దాని మీద దుప్పటి, బ్యాగు పడేయకూడదు. సర్వీసులో దాని ఫిల్టర్ శుభ్రం చేశారా అని అడగాలి. దుమ్ము పట్టితే బ్యాటరీ వేడెక్కి, దాని సాయం తగ్గి, మైలేజీ పడిపోతుంది. ఇక బండిని నెలరోజులు కదపకుండా ఉంచితే దిగిపోయేది పెద్ద బ్యాటరీ కాదు, మామూలు 12 వోల్టుల బ్యాటరీ. అది దిగితే ‘రెడీ’ లైటు వెలగదు, బండి కదలదు. పెద్ద బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కి.మీ. వారంటీ ఉంది, దాని గురించి భయం అనవసరం.

‘మైల్డ్ హైబ్రిడ్’ అన్న మాట విని మోసపోవద్దు. ఇదే రెండు బండ్లలో సుజుకీ 1.5 లీటర్ల, 103 పీఎస్ ఇంజిన్‌తో వచ్చే వేరియంట్లు అవే. అందులో చిన్న మోటారు ఇంజిన్‌కు చేయి అందిస్తుందే తప్ప, చక్రాలను సొంతంగా తిప్పలేదు. సిటీలో అది మామూలు పెట్రోల్ బండే. ధర తక్కువ కాబట్టి ఆ లెక్కలో కొంటే తప్పేం లేదు.

డీజిల్: దూరం వెళ్లేవాళ్లకే

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కట్టిన ప్లాంటు నుంచి 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన మొదటి బండి సెల్టోస్. ఇందులోనూ, అన్న లాంటి క్రెటాలోనూ ఉన్నది ఒకే డీజిల్: 1493 సీసీ, 116 పీఎస్, 250 ఎన్‌ఎం టార్క్ (బండిని లాగే బలం). ఆ 250 ఎన్‌ఎం తక్కువ ఆర్పీఎంలోనే అందుతుంది. నిండా జనంతో, ఏసీతో తిరుమల ఘాట్ ఎక్కుతుంటే గేరు పదేపదే దించాల్సిన పని ఉండదు. ఆటోమేటిక్ కావాలంటే దీనికి ఇచ్చే 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్ (క్లచ్ ప్లేట్ల బదులు నూనె ద్వారా శక్తిని అందించే ఆటోమేటిక్) ఈ తరగతిలో గట్టి గేర్‌బాక్సుల్లో ఒకటి.

చెడేది ఎక్కడంటే, డీపీఎఫ్. సైలెన్సర్ దారిలో ఉండే ఈ ఫిల్టర్ మసిని పట్టుకుంటుంది. నిండిన కొద్దీ ఇంజిన్ కాస్త ఎక్కువ డీజిల్ చల్లి, దాన్ని సుమారు 600 డిగ్రీలకు వేడి చేసి మసిని కాల్చేస్తుంది. అది పూర్తవ్వాలంటే పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా 60 పైన నడవాలి. ఇంటి నుంచి ఆఫీసు ఐదు కిలోమీటర్లయితే కాల్చడం మొదలవుతుంది, మధ్యలో మీరు బండి ఆపేస్తారు. రేపు మళ్లీ అదే. చల్లిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీతను దాటి ఉంటుంది, వాసన చూస్తే డీజిలే. ఆయిల్ తగ్గకపోవడం చూసి సంతోషించేవాళ్లుంటారు. నిజానికి అది పలచబడిన ఆయిల్, టర్బోకూ బేరింగులకూ చేటు. వెంటనే మార్చాలి.

డీపీఎఫ్ లైటు వెలగగానే భయపడక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డెక్కి ఒక గేరు తక్కువలో, 2000 ఆర్పీఎం పైన, అరగంట నడపండి. లైటు ఆరేదాకా ఇంజిన్ ఆపొద్దు. ఆ లైటును వారాల తరబడి పట్టించుకోకపోతే బండి ‘లింప్ మోడ్’లోకి (ఇంజిన్ తనను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకునే స్థితిలోకి) వెళ్తుంది. అప్పుడు సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ పెట్టి కాల్చాల్సిందే. కొన్ని డీజిల్ బండ్లకు డీఈఎఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం) కూడా పోయాలి. ఇంధనం మూత పక్కనే నీలం మూత ఉందేమో చూసుకోండి. అందులో డీజిల్ గానీ, ఇటు డీఈఎఫ్ గానీ పొరపాటున పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా టో చేయించాలి.

ఇప్పుడు లెక్క. పెట్రోలు లీటరు 108, డీజిల్ 97 రూపాయలు అనుకుందాం. అన్నీ ఆటోమేటిక్ బండ్లే, నెలకు 1000 కి.మీ. బ్రాకెట్లలోది లీటరుకు మైలేజీ, దాని పక్కది నెల ఖర్చు రూపాయల్లో.

సిటీలో: హైబ్రిడ్ (22) సుమారు 4,900. డీజిల్ (13) సుమారు 7,450. మామూలు పెట్రోల్ (10.5) సుమారు 10,300.

హైవేలో: హైబ్రిడ్ (20) 5,400. డీజిల్ (18) సుమారు 5,400. మామూలు పెట్రోల్ (15.5) సుమారు 6,950.

చూశారా, హైవేలో హైబ్రిడ్, డీజిల్ సరిసమానం. అప్పుడు డీజిల్ లాగుడు, పెద్ద డిక్కీ అదనంగా దక్కుతాయి. సిటీలో మాత్రం డీజిల్ ఖర్చు ఒకటిన్నర రెట్లు, దాని మీద డీపీఎఫ్ బెంగ. మామూలు పెట్రోల్ కంటే హైబ్రిడ్ ధర రెండు లక్షలు ఎక్కువ అనుకుంటే, సిటీలో నెలకు వెయ్యి తిరిగేవాళ్లకు మూడేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది. నెలకు 500 తిరిగేవాళ్లకు ఆరేళ్లు పడుతుంది. అంత తక్కువ తిరిగేవాళ్లు క్రెటా, సెల్టోస్, ఎలివేట్‌లలో మామూలు 1.5 పెట్రోల్ తీసుకుని మిగిలిన డబ్బు ఇంకెక్కడైనా పెట్టుకోవడమే మేలు. దానికి డీపీఎఫ్ లేదు, దాని సీవీటీలో (మెట్లు మెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్‌లో) క్లచ్ వేడెక్కే గొడవా లేదు. కాకపోతే గట్టిగా తొక్కితే శబ్దం ముందు, వేగం తర్వాత.

పన్నులో హైబ్రిడ్‌కు ఉన్న చిన్న వెసులుబాటు పోయింది. 2025 సెప్టెంబర్ 22కు ముందు సెస్సుతో కలిపి హైబ్రిడ్ మీద 43 శాతం, ఈ సైజు పెట్రోల్ బండ్ల మీద 45 శాతం ఉండేది. ఇప్పుడు అన్నిటికీ జీఎస్టీ 40 శాతమే. తెలంగాణలో లైఫ్ టాక్స్ మినహాయింపు ఎలక్ట్రిక్ బండ్లకు ఇచ్చారు గానీ హైబ్రిడ్లకు కాదు.

టర్బో పెట్రోల్: మనసుకు నచ్చేది

క్రెటా, సెల్టోస్ టర్బో 160 పీఎస్, 253 ఎన్‌ఎం. కుషాక్, టైగున్‌లలో 1.5 టీఎస్‌ఐ 150 పీఎస్. ఇంజిన్ మీద భారం లేనప్పుడు రెండు సిలిండర్లను నిద్రపుచ్చి పెట్రోలు ఆదా చేసే ఏర్పాటు టీఎస్‌ఐలో ఉంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు వీటితో పోల్చదగ్గది ఈ సైజులో తక్కువ. సిటీలో మాత్రం లీటరుకు 9, 10 వస్తే సరిపెట్టుకోవాలి.

రెండింటిలోనూ ఆటోమేటిక్ అంటే 7 స్పీడ్ డ్యూయల్ క్లచ్, అదీ డ్రై క్లచ్. లోపల నిజమైన క్లచ్ ప్లేట్లే ఉంటాయి, వాటిని చల్లబరిచే నూనె ఉండదు. బంపర్‌కు బంపర్ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతుంటే ప్లేట్లు సగం పట్టుకుని రాసుకుంటాయి, వేడెక్కుతాయి. ముందు బండి కాస్త దూరం వెళ్లాక ఒకేసారి కదలడం మేలు. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకో ఆటో హోల్డో వాడండి. స్క్రీన్ మీద ట్రాన్స్‌మిషన్ వేడి హెచ్చరిక వస్తే పక్కకు ఆపి, ‘పీ’లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే చల్లారనివ్వాలి. రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్కే మీ దారి అయితే ఈ గేర్‌బాక్స్ వద్దు. టర్బో మీద మనసు పడితే మాన్యువల్ దొరికే బండి చూడండి, లేదా టార్క్ కన్వర్టర్‌తో వచ్చే 1.0 టీఎస్‌ఐ తీసుకోండి.

మిగతావి

భద్రతలో కుషాక్, టైగున్ 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. అప్పటి రెండు ఎయిర్‌బ్యాగుల సెల్టోస్, క్రెటాలకు మూడేసి వచ్చాయి. తర్వాత వాటిలో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు తయారీ తేదీ చూసుకోవాలి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు తగ్గ రబ్బరు, ప్లాస్టిక్ భాగాల విషయంలో కూడా 2023 ఏప్రిల్ తర్వాతి బండయితే నిశ్చింత.

టైర్ల దగ్గర టాప్ వేరియంటే మేలనుకోకండి. 215/60 ఆర్17 టైరు పక్కగోడ 129 మి.మీ., 215/55 ఆర్18ది 118 మి.మీ. ఆ సెంటీమీటరు తేడా ఊరి రోడ్డు గుంతల్లో తెలుస్తుంది. టైరు పక్కన బుడగ లేచినవి ఎక్కువగా 18 అంగుళాలవే కనబడతాయి. పానోరమిక్ సన్‌రూఫ్ కన్నా గాలి వదిలే సీట్లు మే నెల విజయవాడలో ఎక్కువ అక్కరకొస్తాయి.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూము చుట్టూ ఒక రౌండు సరిపోదు. నలుగురు ఎక్కి, ఏసీ ఫుల్‌గా పెట్టి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు తీసుకురమ్మని అడగండి. ర్యాంప్ మధ్యలో బండి ఆపండి. బ్రేకు వదిలి మెల్లగా ఎక్కించండి. డ్యూయల్ క్లచ్ అయితే వెనక్కి జారుతుందా, తడబడుతుందా చూడండి. హైబ్రిడ్ అయితే మోటారుతోనే ఎక్కుతుందా, ఇంజిన్ మేలుకుంటుందా వినండి. పైకి వచ్చాక డిక్కీ తెరిచి సూట్‌కేసులు పెట్టండి.