రెండేళ్లుగా దిండు కింద స్పీకర్

రెండేళ్లు, ఒక చవక మాస్కు, రెండు యాప్‌లు, ఒక దిండు స్పీకర్. వీటన్నిటికీ నా నోట్‌బుక్కులో తేలిన లెక్క 31 లూసిడ్ డ్రీములు. "ఇది కల" అని కలలోనే తెలిసి, ఆ తెలివి కొన్ని క్షణాలైనా నిలిచినవే లెక్కలో వేశాను. రేపు రాత్రికే కలలో ఎగిరిపోవాలనుకునేవాళ్లు డబ్బులు దాచుకోవడం మేలు.

మొదట కొన్నది కళ్ల మాస్కు. నిద్రలో మూసిన కళ్ల మీద ఎర్ర లైట్లు మెరిపిస్తుంది. ఆలోచన కొత్తదేమీ కాదు, స్టాన్‌ఫర్డ్‌లో చదివిన స్టీఫెన్ లబెర్జ్ ఏనాడో ఇలాంటివి తయారుచేశాడు. నాకు దొరికిన చవకరకానికి మాత్రం కల ఎప్పుడొచ్చిందో తెలీదు, టైమర్ ప్రకారం మెరుస్తుంది. పైగా విజయనగరంలో మే నెల రాత్రి ముఖానికి స్పాంజి కట్టుకుని పడుకోవడం! కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే నిద్రలోనే పీకి పారేసేవాణ్ని. పొద్దున్న మంచం కింద వెతుక్కోవడమే. నాలుగు నెలలకు అటకెక్కింది.

శబ్దం సంగతి వేరు. 2020లో అచ్చయిన ఒక ప్రయోగంలో, పడుకోబోయే ముందు ఒక శబ్దాన్ని, లైటును "నేనిప్పుడు కలలో ఉన్నానా?" అన్న ప్రశ్నతో ముడిపెట్టి సాధన చేయించారు. తర్వాత పొద్దుటి కునుకులో, కళ్లు కదిలే ఆర్‌ఈఎం దశలో అవే మెల్లగా వినిపించి, చూపిస్తే సుమారు సగం మందికి కలలో ఎరుక కలిగింది. కిటుకంతా ఆ ముందు సాధనలోనే ఉంది. అది మానేసి యాప్ మాత్రమే పెట్టుకున్న నెల నాకు ఒక్కటీ రాలేదు.

యాప్‌లోని బీప్ నాకు పనికిరాలేదు. కల దాన్ని మింగేసేది. ఒకసారి అది ఆటో రివర్స్ హారనయింది, ఇంకోసారి అమ్మ కుక్కరు విజిల్. అప్పుడు బొబ్బిలిలో మా మేనత్త ఇంటికెళ్లి, ఆవిడ వీణ మీద మందరం తీగను ఒక్క మీటు మీటించి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఒకే పనస దుంగలోంచి తొలిచిన వీణ, మోత చాలాసేపు నిలుస్తుంది. "దీనికోసం ఇంత దూరం వచ్చావేట్రా?" అంది అత్త.

ఆర్‌ఈఎం దాదాపు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారుజాముకి ఎక్కువసేపు ఉంటుంది. అందుకని నాలుగింటికి లేచి, ఓ ఇరవై నిమిషాలు ఆ మోత వింటూ కూర్చుని, మళ్లీ పడుకుంటాను. ఐదు దాటాక స్పీకర్ మొదలవుతుంది.

మూడో వారంలో పారింది పాచిక. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాలకొండ బస్సు కోసం నిలబడ్డాను. ఇంజన్లోంచి వీణ మోగింది. బోర్డు చూశాను, పాలకొండ. మళ్లీ చూశాను, పార్వతీపురం. మూడోసారి చూస్తే అవి అసలు అక్షరాలే కావు. "ఓరి, కల!" అనుకున్నాను, ఆ సంబరానికే మెలకువ వచ్చేసింది. కలలో అరచేతులు రుద్దుకుంటే ఇంకాస్త నిలుస్తుందని తర్వాత అలవాటైంది. నాకు ఈత రాదు. అయినా పెద్దచెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిచాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

ఇబ్బందులు తక్కువేం కావు. ఇయర్‌బడ్స్‌తో చెవులు నొప్పెట్టి, పల్చటి దిండు స్పీకర్‌కి మారాను. వాల్యూమ్ ఒక గీత తగ్గితే నాకు వినపడదు, ఒక గీత పెరిగితే మా ఆవిడ లేస్తుంది. వారానికి రెండు రాత్రులు మించితే మధ్యాహ్నం ఆఫీసులో కునుకే. రెండుసార్లు మెలకువ వచ్చి కూడా ఒళ్లు కదల్లేదు. గుండెల మీద దెయ్యం కూర్చుందని మా నాయనమ్మ చెప్పేది ఇదే కాబోలు. తెలిసి ఉండీ భయపడ్డాను.

గాలంటమిన్ మాత్ర గురించి అడుగుతుంటారు. 2018 నాటి పరీక్షలో 8 మిల్లీగ్రాములు వేసుకున్న రాత్రి 42 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర రాత్రి 14 శాతం మందికి లూసిడ్ డ్రీమ్ వచ్చింది. కానీ అది అల్జైమర్స్‌కి డాక్టర్లు రాసే మందు. సరదాకి మింగేది కాదు, నేను ముట్టలేదు.

ఒక్క చిక్కు మాత్రం అనుకోనిది. ఇప్పుడు టీవీలో వీణ మోగినా నేను గోడ గడియారం రెండుసార్లు చూస్తున్నాను. మొన్న మా ఆవిడ వంటింట్లోంచే కేకేసింది: "కల కాదు గానీ, పాలు పొంగిపోతన్నాయి, వచ్చి స్టవ్వు కట్టండి!"