మోకాలి ఆపరేషన్, భుజం ఆపరేషన్: దేనికి ఒప్పుకోవాలి, దేనికి ఆగాలి?

మా బీరువా మీద రెండు ఎక్స్‌రే కవర్లు ఉన్నాయి. ఒకటి అమ్మ మోకాళ్లది, రెండోది నా కుడి భుజానిది. రెండూ ఒకే ఏడాదివి. రెండింటికీ వచ్చిన సలహా కూడా ఒకటే: ‘ఆపరేషన్ చేయించుకుంటే మంచిది.’ అమ్మకు 67, నాకు 48, ఇద్దరికీ షుగరు. చుట్టాలు రెండు పక్షాలయ్యారు. కత్తి పడితే మనిషి మళ్లీ మామూలుగా నడవదని పిన్ని, ఇప్పుడు చేయించకపోతే మంచాన పడుతుందని బాబాయి. కీళ్ల ఆపరేషన్లన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడటంలో మాత్రం ఇద్దరూ ఇద్దరే.

నేను డాక్టరును కాను. ఆ ఏడాదంతా చదివినవీ, అడిగి తెలుసుకున్నవీ పక్కపక్కన పెట్టుకున్నాక నాకు తేలింది ఇది: పూర్తిగా అరిగిపోయిన కీలును తీసి కొత్తది పెట్టే ఆపరేషన్ వేరు, ‘లోపల కాస్త శుభ్రం చేస్తాం, గీకుతాం’ అనేది వేరు. మొదటిదాన్ని దాని ప్రమాదాలతో సహా తూచి చూడవచ్చు. రెండోది నడివయసు దాటినవారిలో చాలామందికి అక్కర్లేదు.

ఆ శుభ్రం చేసేదాని సంగతి ముందు తేల్చేస్తాను. మోకాలికి రెండు మూడు చిన్న గాట్లు పెట్టి, కెమెరా గొట్టం దూర్చి, నీళ్లతో కడిగి, చిరిగిన మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) అంచులు కత్తిరించడాన్ని ఆర్థ్రోస్కోపీ అంటారు. గాయం చిన్నది, ఇంటికి త్వరగా పంపుతారు, అందుకే వినగానే ఒప్పుకోవాలనిపిస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి వైద్యులు 180 మంది మీద ఒక పరీక్ష చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి నిజంగానే మోకాలు కడిగారు, కొందరికి లోపల గీకారు, మిగిలినవారికి చర్మం మీద గాట్లు పెట్టి, నీళ్ల చప్పుడు వినిపించి, కుట్లు వేసి పంపేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. రెండేళ్లపాటు గమనించినా నిజం ఆపరేషన్ జరిగినవారు ఉత్తుత్తి ఆపరేషన్ జరిగినవారికన్నా మెరుగ్గా లేరు. 2013లో ఫిన్లాండ్ వైద్యులు మెనిస్కస్ చిరిగిన 146 మందితో ఇదే పద్ధతిలో పరీక్షిస్తే మళ్లీ అదే తేలింది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తరఫున కూర్చున్న నిపుణుల బృందం అరుగుదల మోకాళ్లకు ఇది వద్దని గట్టిగానే చెప్పింది. ఆటలో గాయపడ్డ కుర్రవాడి మోకాలు, చిరిగిన ముక్క అడ్డుపడి చాచలేకుండా బిగుసుకుపోయిన మోకాలు వేరే లెక్క. అరవై ఏళ్ల అరుగుదలకు మాత్రం ఈ కడుగుడు వృథా ఖర్చు.

కాబట్టి అమ్మ ముందు మిగిలినవి రెండు దారులు: వ్యాయామం, కీలు మార్పిడి.

ఈ రెండింటినీ నేరుగా పోటీకి పెట్టిన పరీక్ష డెన్మార్క్‌లో జరిగింది, ఫలితాలు 2015లో వచ్చాయి. మార్పిడికి అర్హులైన 100 మందిని తీసుకున్నారు. సగం మందికి మోకాలు మార్చి, ఆపైన 12 వారాల వ్యాయామం, బరువు తగ్గే ఆహారం, నొప్పి మందులు ఇచ్చారు. మిగతా సగానికి ఆపరేషన్ లేకుండా అవే ఇచ్చారు. ఏడాది తర్వాత నొప్పి, రోజువారీ పనులు వంటివాటికి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తే ఆపరేషన్ జరిగినవారు సగటున 32.5 మార్కులు మెరుగయ్యారు, జరగనివారు 16. అంటే మార్పిడి లాభం రెండింతలు. బాబాయి ఇక్కడే ఆగిపోతారు. కానీ తీవ్రమైన ఇబ్బందులు ఆపరేషన్ పక్షంలో 24 నమోదైతే, రెండో పక్షంలో 6 మాత్రమే. పైగా ఆపరేషన్ లేకుండా మొదలుపెట్టిన 50 మందిలో ఏడాదిలోపు మనసు మార్చుకుని మోకాలు మార్పించుకున్నవారు 13 మందే. మిగిలినవారు ఆ సగం లాభంతోనే బండి నడిపించారు.

దీన్నిబట్టి నేను అమ్మతో అన్నది: ముందు 12 వారాలు, వారానికి రెండుసార్లు ఫిజియో దగ్గర, నిజంగా చేద్దాం. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మనవాళ్లు ‘వ్యాయామం చేశాం, తగ్గలేదు’ అనేటప్పుడు చాలాసార్లు దాని అర్థం నాలుగు రోజులు కాలు ఎత్తి దించారని, ఒక నూనె రాశారని. ఆ తర్వాత కూడా నొప్పి రాత్రి నిద్ర లేపుతుంటే, వీధి చివరి కూరగాయల బండి దాకా నడవలేకపోతుంటే అప్పుడు మార్పిడి. ఎక్స్‌రేలో ‘గుజ్జు అరిగింది’ అని కనబడటం ఒక్కటే చాలదు. ఎక్స్‌రేలో అరుగుదల స్వల్పంగా ఉండగానే మోకాలు మార్చుకున్నవారిలో అసంతృప్తి ఎక్కువ. అసలు నొప్పి తుంటి నుంచో నడుము నుంచో దిగుతుంటే కొత్త మోకాలు పెట్టినా అది అక్కడే ఉంటుంది. అన్నీ సరిగ్గా చూసి చేసిన తర్వాత కూడా అయిదుగురిలో సుమారు ఒకరికి నొప్పి కొంత మిగిలిపోతుందని పలు దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఇంట్లో అందరి చెవిన వేయాలి.

ఇబ్బందుల్లో నాకు అన్నిటికన్నా భయం వేసింది చీము పట్టడం గురించి. నూటికి ఒకరిద్దరికే వస్తుంది. వచ్చినవారికి మాత్రం అది ఏడాది కష్టం: మళ్లీ తెరిచి కడగడం, కొత్త కీలులోని ప్లాస్టిక్ భాగం మార్చడం, అప్పటికీ లొంగకపోతే లోహమంతా తీసేసి మందు కలిపిన సిమెంటు దిమ్మె పెట్టి వారాల తరబడి ఆగి, మళ్లీ కొత్త కీలు పెట్టడం. షుగరు అదుపులో లేనివారికీ, పొగతాగేవారికీ, బాగా లావున్నవారికీ ముప్పు ఎక్కువ. అందుకే అమ్మ మూడు నెలల షుగరు సగటు తగ్గేదాకా సర్జన్ తేదీ ఇవ్వలేదు. పుచ్చిన పన్ను తీయించమన్నారు, మడమ పగుళ్లు మాన్పించుకోమన్నారు. అలా సతాయించే డాక్టరు మీద నాకు నమ్మకం పెరిగింది. రెండోది రక్తం గడ్డలు. పిక్క వాచి నొప్పి పెడితే ఆలస్యం చేయకూడదు, ఉన్నట్టుండి ఆయాసం వస్తే గడ్డ ఊపిరితిత్తికి చేరిందేమోనని అత్యవసర విభాగానికి పరుగెత్తాలి. మూడోది బిగుసుకుపోవడం: మొదటి ఆరు వారాల్లో నొప్పికి భయపడి వంచకపోతే తర్వాత మత్తు ఇచ్చి వంచాల్సి రావచ్చు. గాటు పక్కన బయటివైపు మొద్దుబారడం దాదాపు అందరికీ ఉండేదే, అది పొరపాటు కాదు.

పూర్తి మార్పిడా, పాక్షికమా అన్నది తర్వాతి ప్రశ్న. మన దగ్గర చాలామందికి కాళ్లు దొడ్డిగా వంగి, మోకాలి లోపలివైపే ముందు అరుగుతుంది. ఆ ఒక్క వైపే పోయి, ఎముకలను కలిపి పట్టే స్నాయువులు గట్టిగా ఉంటే సగం మోకాలు మార్చినా చాలు. బ్రిటన్‌లో 27 ఆసుపత్రుల్లో 528 మందిని అయిదేళ్లు గమనించి 2019లో చెప్పిందేమిటంటే: నొప్పి, నడక విషయంలో రెండూ దాదాపు సమానం, పాక్షికానికి ఖర్చు తక్కువ, ఇబ్బందులూ కొంత తక్కువ. అదే ఏడాది పాత నమోదు లెక్కలు కలిపి చూసిన మరో అధ్యయనంలో పాతికేళ్ల తర్వాత కూడా పూర్తి మోకాళ్లలో 82 శాతం, పాక్షికాల్లో 70 శాతం మార్చాల్సిన పని లేకుండా నిలిచాయి. అంటే ఇప్పటి సుఖానికి పాక్షికం, దీర్ఘకాలపు మన్నికకు పూర్తిది. నేనైతే సర్జన్‌ను ఒక్క ప్రశ్న అడిగి తేల్చుకుంటాను: ‘ఏడాదికి పాక్షికాలు ఎన్ని చేస్తారు?’ అరుదుగా చేసేవారి చేతిలో పాక్షిక మోకాళ్లు త్వరగా విఫలమవుతాయి. వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్య చెబితే పూర్తిదానికే వెళ్లడం మేలు.

ఇక మన ఇళ్లలో అసలు రగడ: రెండు మోకాళ్లూ ఒకేసారా, విడివిడిగానా? కొడుకు అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వస్తాడు, ఒక మత్తు, ఒక బిల్లు, ఒకటే విశ్రాంతి. ఈ లెక్క తప్పని నేననను. కానీ ఒకేసారి చేస్తే గుండె మీద భారం, ఊపిరితిత్తుల్లో గడ్డలు, రక్తం ఎక్కించాల్సిన అవసరం పెరుగుతాయి. డెబ్బై దాటినవారికీ, గుండె జబ్బు ఉన్నవారికీ విడివిడిగానే మంచిది. మన దేశంలో ఈ ఆపరేషన్ పేరు ఇంటింటా వినబడింది అప్పటి ప్రధాని వాజపేయి వల్ల. ఆయనకు ముంబైలో డాక్టర్ చిత్తరంజన్ రణావత్ 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు మార్చారు. దేశంలో ఏ సదుపాయమైనా అందే మనిషికే ఎనిమిది నెలల వ్యవధి ఇచ్చారు. మా తమ్ముడి విమానం టిక్కెట్టు కోసం అమ్మ గుండెను పరీక్షకు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

ఖర్చు సంగతి రెండు ముక్కల్లో. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి పరికరాల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం లోహపు మోకాలికి అప్పట్లో పన్ను కాకుండా 54,720 రూపాయలుగా నిర్ణయించారు. ఆపరేషన్ థియేటరు, గది అద్దె మాత్రం ఆసుపత్రి ఇష్టం. బంగారు రంగు పూత, రోబో సాయం అంటూ పైన లక్షలు అడిగితే తొందరపడనక్కర్లేదు. రోబో కోతలో కచ్చితత్వం పెంచుతుంది, నిజమే. దానివల్ల రోగి నొప్పిలోనూ నడకలోనూ పెద్ద తేడా వస్తుందని ఇంకా రుజువు కాలేదు.

భుజానికి వస్తే లెక్క తిరగబడుతుంది. మోకాలిలో మార్పిడి చివరికి గెలుస్తుంది. భుజంలో చాలాసార్లు గెలిచేది ఓపిక.

నాది పట్టేసిన భుజం, ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగరున్నవారికి మరీ ఎక్కువగా వస్తుంది. చొక్కా వేసుకోవడమే ఒక యజ్ఞం, వెనక జేబులో పర్సు తీయడం కుదరని పని. నాకు చెప్పినవి మూడు దారులు: స్టెరాయిడ్ ఇంజెక్షనుతో ఫిజియో, మత్తు ఇచ్చి చేతిని విరిచినట్టు తిప్పి వదులు చేయడం, కెమెరా గొట్టంతో చూస్తూ కీలు చుట్టూ బిగిసిన సంచిలాంటి పొరను కోయడం. సరిగ్గా ఈ మూడింటినే బ్రిటన్‌లో 503 మంది మీద పోల్చి 2020లో ఫలితం ప్రకటించారు. ఏడాది తర్వాత ఏదీ మిగతావాటికన్నా చెప్పుకోదగ్గంత మెరుగు కాదు. నమోదైన పది తీవ్రమైన ఇబ్బందుల్లో ఎనిమిది కోత పక్షంలోవే. ఇది చదివాక నేను ఇంజెక్షనూ ఫిజియో ఎంచుకున్నాను. ఇంజెక్షను తర్వాత కొద్ది రోజులు షుగరు ఎగిరింది, ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. ‘ఎముక మొన పొడుచుకొస్తోంది, చెక్కేస్తాం’ అనే ఇంకో ఆపరేషన్ ఉంది. 2018లో బ్రిటన్, ఫిన్లాండ్ పరీక్షలు రెండూ ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి, దానివల్ల రోగికి తెలిసొచ్చేంత లాభం లేదని తేల్చాయి.

అయితే భుజంలో ఎప్పుడూ ఆగాల్సిందే అనుకుంటే ప్రమాదం. బైకు మీద నుంచి పడ్డాక చేయి పైకి లేవకపోతే కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు తెగిందేమో వారాల్లోనే చూపించాలి. ఆలస్యమైతే కండరం కొవ్వుగా మారి, కుట్టినా పట్టు నిలవదు. వయసుతో నెమ్మదిగా చిరిగినదానికి ముందు ఫిజియోయే, చాలామందికి దానితోనే గడిచిపోతుంది. నార్వేలో 103 మందిని దీర్ఘకాలం గమనిస్తే కుట్టించుకున్నవారి ఆధిక్యం మొదట్లో స్వల్పం, పదేళ్లకు పెరిగింది. కాబట్టి యాభై ఏళ్లలోపు వాళ్లకు, చేతి పని మీద బతికేవాళ్లకు కుట్టడం వైపే నేను మొగ్గుతాను. కుట్టింది మళ్లీ చిరగడం మామూలే. వింత ఏమిటంటే, అలా చిరిగినవారిలోనూ చాలామంది నొప్పి తగ్గిందనే చెబుతారు. ఇక కుట్టడానికి వీల్లేని పెద్దవయసువారికి కీలులోని బంతినీ గిన్నెనూ తారుమారు చేసి పెట్టే తిరగేసిన కృత్రిమ భుజం ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన పాల్ గ్రామోన్ 1985లో రూపొందించినది. నొప్పి బాగా తీస్తుంది, చేయి లేస్తుంది, కాకపోతే కీలు జారడం, భుజం మీది ఎముక చిట్లడం వంటి తనదైన తలనొప్పులు తెస్తుంది.

కోలుకోవడంలోనూ తేడా ఉంది. మోకాలు మార్చినవారిని ఆ రోజో మర్నాడో వాకర్‌తో నడిపిస్తారు, నొప్పి ఎక్కువగా మొదటి నెలన్నరలోనే. భుజం కుట్టినవారికి నాలుగు నుంచి ఆరు వారాలు చేయి జోలెలోనే. జడ వేసుకోలేరు, చీర కట్టుకోలేరు, పడుకోలేక కుర్చీలో నిద్ర. బరువులెత్తడానికి ఆరు నెలలు పడుతుంది. ‘నడవగలుగుతున్నావు కదా, చిన్న ఆపరేషనే’ అనేవారికి ఇది తెలియదు.

అమ్మకు వ్యాయామం పన్నెండు వారాలు కాదు, ఎనిమిది నెలలు నెట్టుకొచ్చింది. తర్వాత నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో రెండు వైపులా అరిగిందని తేలి, ఎడమ మోకాలు పూర్తిగా మార్చారు. ఇప్పుడు రైతుబజారు దాకా నడిచి వెళ్తోంది. బాసింపట్టు వేసుకుని కూర్చోలేదు, వ్రతానికి ఎత్తు పీట చేయించాం, మరుగుదొడ్డి మార్పించాం. నా చేయి ఏడాదిన్నరకు నడుము వెనక్కి వెళ్లింది, ఇంకా పైకి పోదు. కుడి మోకాలి గురించి అడిగితే ఆవకాయ పెట్టడం అయ్యాక చూద్దామంటోంది.