జాగ్రత్త: మైల్స్ మీద సగం ధరకే బిజినెస్ క్లాస్ టికెట్ ఇప్పిస్తామనే ఏజెంట్లకు డబ్బు కట్టకండి

మా అనంతపురంలో ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. వాళ్ల అమ్మానాన్నలకి టికెట్లు చూసేటప్పుడు ఎవరైనా ఏజెంట్ ‘మైల్స్ మీద (అంటే విమానాల్లో తిరిగేవాళ్లకి జమయ్యే పాయింట్ల మీద) బిజినెస్ క్లాస్, సగం ధరకే’ అని చెబితే దయచేసి నమ్మకండి. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగుతూ పోయే టికెట్ అయితే అసలే వద్దు. మా అక్కాబావల విషయంలో ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఏజెంట్ పేరు రాయడం లేదు. అయినా పేరు కన్నా వీళ్లు పనిచేసే పద్ధతి తెలుసుకోవడమే ముఖ్యం. ఈ ఒక్కడు పోయినా ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా ఉంటారు.

బావ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అక్కకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు. కొడుకు షికాగో దగ్గర, కూతురు సింగపూర్‌లో. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా షికాగో వెళ్లడం, తిరిగి వచ్చేటప్పుడు టోక్యో మీదుగా సింగపూర్‌లో దిగి కూతురి దగ్గర కొన్నాళ్లుండి బెంగళూరు రావడం. వినడానికి ఎంత బాగుందో! వాట్సాప్ గ్రూపు ద్వారా పరిచయమైన ఏజెంట్ ‘అంతా ఒకే టికెట్ సార్, అన్ని సెక్టార్లూ బిజినెస్సే, డేట్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇద్దరికీ కలిపి నాలుగు లక్షల పైచిలుకు చెప్పాడు. డబ్బు కంపెనీ ఖాతాకి కాకుండా వేరెవరి పేరుతోనో ఉన్న సేవింగ్స్ ఖాతాకి వేయించుకున్నాడు. బిల్లు అడిగితే ‘మైల్స్ టికెట్‌కి జీఎస్టీ బిల్లు రాదు సార్’ అన్నాడు.

అసలు ఈ మైల్స్ సంగతేంటో తెలిస్తే మోసం ఎక్కడుందో అర్థమవుతుంది. విమానాల్లో తిరిగేవాళ్లకి, కొన్ని క్రెడిట్ కార్డులు వాడేవాళ్లకి మైల్స్ జమ అవుతాయి. వాటితో తీసే టికెట్‌ని అవార్డు టికెట్ అంటారు. ఎయిర్‌లైన్లు కూటములుగా ఉంటాయి కాబట్టి ఒకదాని మైల్స్‌తో ఇంకోదాని విమానం ఎక్కొచ్చు. ఎయిర్ ఇండియా 2014లో స్టార్ అలయన్స్ అనే కూటమిలో చేరింది. అందుకే అదే కూటమిలో ఉన్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైల్స్‌తోనో, ఎయిర్ కెనడా పాయింట్లతోనో ఎయిర్ ఇండియా విమానంలో సీటు తీసుకోవచ్చు. ఇదంతా సక్రమమైన పద్ధతే, ఇందులో తప్పేం లేదు. మధ్యలో ఆగడానికి కూడా నిబంధనలున్నాయి. అంతర్జాతీయ ప్రయాణంలో ఒక ఊళ్లో 24 గంటలు దాటి ఉంటే దాన్ని స్టాపోవర్‌గా లెక్కేస్తారు, ఆలోపు అయితే విమానం మారడం కిందే లెక్క. ఎయిర్ కెనడా పాయింట్ల పథకమైన ఏరోప్లాన్‌లో అయితే 5,000 పాయింట్లు అదనంగా ఇస్తే ఒకవైపు ప్రయాణంలో కూడా మధ్యలో ఒకచోట ఆగనిస్తారు, ఆ చోటు అమెరికా, కెనడాల్లో మాత్రం ఉండకూడదు. ఇలాంటివన్నీ తెలిసినవాళ్లు చక్కగా భూమి చుట్టూ తిరిగొస్తారు.

అయితే ఆ మైల్స్ ఎవరి ఖాతాలో ఉన్నాయో వాళ్లకే వాటి మీద హక్కు. వాటిని డబ్బుకి అమ్మకూడదని దాదాపు అన్ని ఎయిర్‌లైన్ల నిబంధనల్లోనూ స్పష్టంగా ఉంటుంది. అమ్మినట్టు తేలితే ఖాతా మూసేస్తారు, దాని మీద తీసిన టికెట్లు రద్దు చేస్తారు. ఇంట్లోవాళ్లకి, స్నేహితులకి ఊరికే తీసివ్వడానికి చాలా చోట్ల అభ్యంతరం లేదు. కొన్ని చోట్ల దానికీ హద్దులున్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైల్స్ పథకమైన క్రిస్‌ఫ్లయర్‌లో ఖాతాదారుడు ముందుగా పేర్లు నమోదు చేసిన ఐదుగురికి మించి తీయలేడు. జపాన్‌కి చెందిన ఏఎన్ఏ ఎయిర్‌లైన్ దగ్గరి బంధువులకి తప్ప ఇంకెవరికీ తీయనివ్వదు. కాబట్టి ఏజెంట్ మనకి అమ్మేది ముక్కూ మొహం తెలియని ఒకరి ఖాతాలోంచి తీసిన టికెట్. పక్క ఊరివాళ్ల రేషన్ కార్డు మీద మనం బియ్యం తెచ్చుకోవడం లాంటిదే ఇది. పట్టుబడేదాకా ఏమీ తెలియదు, పట్టుబడ్డాక ఎయిర్‌లైన్‌ని అడిగే హక్కే మనకి ఉండదు.

మాకు మొదటి దెబ్బ బయల్దేరకముందే తగిలింది. బెంగళూరు నుంచి వెళ్లే విమానం టైము మార్చారు. దాంతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో షికాగో విమానం అందుకోవడానికి ముప్పావు గంట కూడా మిగల్లేదు. మామూలుగా ఇలా ఎయిర్‌లైనే టైము మార్చినప్పుడు వేరే విమానానికి ఉచితంగా మారుస్తారు. కానీ మైల్స్ టికెట్‌ని మార్చాల్సింది మనం ఎక్కే ఎయిర్‌లైన్ కాదు, ఎవరి మైల్స్‌తో తీశారో ఆ ఎయిర్‌లైన్. వాళ్లేమో ఖాతాదారుడితోనే మాట్లాడతామంటారు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే వాడిచ్చిన సలహా చూడండి. ‘సార్, మీరే కస్టమర్ కేర్‌కి చేసి ఫలానా ఆయన్ని మాట్లాడుతున్నానని చెప్పండి. పుట్టిన తేదీ, ఈమెయిల్ నేను మెసేజ్ పెడతా. మగ గొంతే కదా, ఏం పర్వాలేదు.’

ఫోన్ స్పీకర్‌లో ఉంది, మేమందరం వింటున్నాం. బావ మొహం ఎర్రబడిపోయింది. ‘చూడు నాయనా, ఇన్నేళ్లు బడిపిల్లోళ్లకి అబద్ధం చెప్పొద్దని చెప్పినవాణ్ణి. ఎవడి పేరో నా పేరని నేను చెప్పను’ అని ఫోన్ నా చేతిలో పెట్టేశారు. ఇక్కడ నైతికత సంగతి పక్కన పెట్టినా, వేరొకరి పేరు చెప్పి వాళ్ల ఖాతాలో మార్పులు చేయించడం మరొకరిలా నటించి మోసం చేయడం కిందకి వస్తుంది, కేసు అయితే ఇరుక్కునేది ఫోన్ చేసినవాళ్లే. ఎంత తొందరలో ఉన్నా, ఎంత టెన్షన్‌లో ఉన్నా ఆ పని మాత్రం చేయకండి.

చివరికి ఏజెంట్ ఎవరినో పట్టుకుని టికెట్ మార్పించాడు. కొత్త టికెట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి షికాగోకి ఎకానమీ వచ్చింది. దగ్గర దగ్గర తొమ్మిది గంటల ప్రయాణం అది. ఏ అక్క మోకాళ్ల కోసమైతే బిజినెస్ క్లాస్ అనుకున్నామో, ఆమె ఆ తొమ్మిది గంటలూ ఎకానమీ సీట్లో కూర్చుంది. తేడా డబ్బు వెనక్కిమ్మంటే ‘మైల్స్‌లో క్యాబిన్ మిక్స్ అవుతుంటుంది సార్, అది మన చేతిలో లేదు’ అన్నాడు.

తిరుగు ప్రయాణం ఇంతకన్నా ఘోరం. దగ్గర పడుతోందని మా మేనల్లుడు అక్క కోసం వీల్‌చెయిర్ చెబుదామని ఒక్కో ఎయిర్‌లైన్‌కీ ఫోన్ చేశాడు. అలా చేయబట్టే అసలు విషయం బయటపడింది. షికాగో నుంచి టోక్యో వరకు ఒక టికెట్, టోక్యో నుంచి సింగపూర్, అక్కడి నుంచి బెంగళూరు ఇంకో టికెట్. వెళ్లేటప్పటిది వేరే. ‘అంతా ఒకే టికెట్’ అన్నది మూడు ఖాతాల్లోంచి తీసిన మూడు టికెట్లు. పైగా టోక్యోలో దిగేది నరిత విమానాశ్రయంలో, మళ్లీ ఎక్కేది హనెడాలో! రెండింటి మధ్యా అరవై కిలోమీటర్ల పైనే దూరం. టికెట్లు వేరు కాబట్టి సామాను నరితలోనే ఇచ్చేస్తారు. అది తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, ఊరంతా దాటి హనెడా చేరాలి. జపాన్ వీసా లేకుండా అది కుదరదు. ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. అరవై దాటిన ఇద్దరు, ఒకరికి వీల్‌చెయిర్ కావాలి, నాలుగు పెద్ద సూట్‌కేసులు, చేతిలో వీసా లేదు. అదృష్టం బాగుంటే షికాగోలోనే ఆపేసేవాళ్లు, లేదంటే నరితలో చిక్కుకునేవాళ్లు.

సింగపూర్ విమానం వాళ్లకి ఫోన్ చేస్తే ఆ పేర్లతో టికెట్టే లేదన్నారు. గట్టిగా అడిగితే, టికెట్ ఇచ్చిన ఎయిర్‌లైనే రద్దు చేసిందని చెప్పారు. ఏజెంట్‌ని నిలదీస్తే ముందు ‘సిస్టమ్ అప్‌డేట్ అవుతోంది’ అన్నాడు, తర్వాత ‘ఖాతా ఆడిట్‌లో పడింది’ అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మిగిలిన టోక్యో టికెట్ రద్దు చేయించినా మైల్స్, పన్నులు ఆ ఖాతాదారుడికే తిరిగి వెళతాయి తప్ప మనకి పైసా రాదు. ఆఖరి నిమిషంలో మేనల్లుడు షికాగో నుంచి బెంగళూరుకి డబ్బు పెట్టి మామూలు టికెట్లు కొన్నాడు. సింగపూర్ ఆగిపోయింది. వీసా తీసి, అమ్మ కోసం మంచం కూడా మార్పించి పెట్టుకున్న నా మేనకోడలు ఫోన్‌లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు. డబ్బు పోవడం కన్నా అదే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాట. ఎవరు టికెట్ పంపినా పీడీఎఫ్ చూసి సంతోషపడకండి. ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉన్నంత మాత్రాన టికెట్ ఉన్నట్టు కాదు, డబ్బు కట్టకుండా హోల్డ్‌లో పెట్టినా పీఎన్ఆర్ వస్తుంది. 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉందా అని చూడండి. అందులో మొదటి మూడంకెలు టికెట్ ఎవరిచ్చారో చెబుతాయి. 098 అంటే ఎయిర్ ఇండియా, 618 సింగపూర్ ఎయిర్‌లైన్స్, 016 యునైటెడ్, 014 ఎయిర్ కెనడా. ఒకే టికెట్ అన్నప్పుడు అన్ని విమానాలకీ ఒకే నంబర్ ఉండాలి. ఒక టికెట్‌లో నాలుగు విమానాలే పడతాయి. ఐదోది ఉంటే ఇంకో నంబర్ వస్తుంది, కానీ అది మొదటి నంబర్ పక్కదే అయ్యుండాలి. మొదటి మూడంకెలు మారాయంటే అవి వేరు వేరు టికెట్లేనని ఖాయం. ఆ ఒక్క నంబర్ చూస్తే చాలు, ఎవరి సాయమూ అక్కర్లేకుండా మోసం బయటపడుతుంది.

తర్వాత ప్రతి విమానానికీ పక్కన ఉండే క్లాస్ అక్షరం చూడండి. స్టార్ అలయన్స్ విమానాల్లో మైల్స్ టికెట్ అయితే మామూలుగా ‘ఐ’ ఉంటే బిజినెస్, ‘ఎక్స్’ ఉంటే ఎకానమీ. చిన్న దూరానికి బిజినెస్ ఇచ్చి, సముద్రం దాటే పొడవాటి ప్రయాణానికి ఎకానమీ పెట్టి మొత్తాన్ని బిజినెస్ అని అమ్మేస్తారు. ఊరి పేరుతో ఆగకుండా ఏ విమానాశ్రయమో కూడా చదవండి. టోక్యోకి రెండున్నట్టే లండన్‌కీ, న్యూయార్క్‌కీ ఒకటి కన్నా ఎక్కువున్నాయి. అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా తప్పనిసరి అన్నది మరిచిపోవద్దు. ఇంకో సంగతి, మధ్యలో ఒక విమానం ఎక్కకుండా వదిలేస్తే ఆ టికెట్‌లో మిగిలినవన్నీ వాటంతటవే రద్దయిపోతాయి. ‘ఇక్కడ దిగిపోండి, మిగతాది తర్వాత చూద్దాం’ అని ఏ ఏజెంట్ చెప్పినా వినకండి.

మైల్స్ మీద వెళ్లాలని నిజంగా ఉంటే పిల్లల ఖాతాలోంచి, పిల్లలే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి తీయాలి. వాళ్లకి క్రెడిట్ కార్డు పాయింట్లు ఉంటే ముందు ఆ తేదీల్లో సీట్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఆ తర్వాతే పాయింట్లను ఎయిర్‌లైన్‌కి మార్చాలి. ఒకసారి మార్చాక బ్యాంకుకి వెనక్కి రావు. ఒక్కోసారి సైట్‌లో సీటు కనిపిస్తుంది కానీ బుక్ చేయబోతే ఉండదు. మైల్స్ ఒక ఎయిర్‌లైన్‌వి, విమానం దాని భాగస్వామిది అయినప్పుడు ఇది తరచూ జరుగుతుంది కాబట్టి ఫోన్ చేసి అడిగాకే పాయింట్లు కదపడం మేలు. నా మాట అడిగితే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మైల్స్ అయినా డబ్బు అయినా ఒక్కచోట మారే టికెట్టే మంచిది. తక్కువ ఖర్చుతో నాలుగు ఊళ్లు చూడటం వయసులో ఉన్నవాళ్లకి బాగుంటుంది.

మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా డబ్బు కట్టి, ప్రయాణం ఇంకా ముందుంటే ఈ రోజే పని మొదలుపెట్టండి. మీ అనుమానం సంగతి ఏజెంట్‌కి ముందుగా చెప్పాల్సిన పని లేదు. మీరు ఎక్కబోయే ప్రతి ఎయిర్‌లైన్ సైట్‌లోనూ పేరు, పీఎన్ఆర్ వేసి టికెట్ బతికే ఉందా చూడండి. ఒక్కోసారి ఒక్కో ఎయిర్‌లైన్‌కి వేరే పీఎన్ఆర్ ఉంటుంది, అది ఏజెంట్ దగ్గర రాయించుకోండి. వాయిస్ మెసేజ్‌లు, డబ్బు పంపిన రసీదులు, పీడీఎఫ్‌లు అన్నీ వేరే ఫోన్‌లోకి కూడా పంపి దాచండి. ఆ మెసేజ్‌లు అవతలివాడు డిలీట్ చేసే వీలుంది. మోసం అని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే ఆపే అవకాశం తొందరగా చెబితేనే ఉంటుంది. సేవలో లోపం గురించి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఏజెంట్ హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే, అంటే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. మేం పట్టిన దారి అదే. కాగితాలు ఎలా పెట్టాలో తెలియకపోతే అడగండి, మావి చూపిస్తాను.